నా వరసని ముట్టుకోవద్దు

జూన్ 9, ఆదివారం

ఈ ఏడాది డైరీ చేసినవాడెవడో గానీ గీతలు అచ్చేయడం మర్చిపోయాడు. పేజీ అంతా బూడిద పులిమినట్టుంది తప్ప గీత అన్నది లేదు. అందుకే అక్షరాలు కాస్త పెద్దవిగా రాస్తున్నాను. లావు మొన ఉన్న పెన్ను తెమ్మంటే మా అబ్బాయి, "నాన్నా, అది డైరీయా, షాపు బోర్డా?" అన్నాడు. వీడి వెటకారమంతా వాళ్ళమ్మ పోలికే.

ఇవాళ బావమరిది వచ్చాడు. కంటి ఆపరేషన్ చేయించుకున్న దగ్గర్నుంచీ వాడి గోల భరించలేకపోతున్నాం. గడప దాటగానే, "అక్కా, ఫ్యాను మీద అంత దుమ్మేంటి?" అన్నాడు. కూర్చోగానే, "బావా, చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నావు" అన్నాడు. కొత్తగా కళ్ళొచ్చాయి కదా, ఇక లోకమంతా తప్పులే.

తర్వాత అసలు సంగతికొచ్చాడు. "రెండు కళ్ళలోనూ పొర ముదిరిపోయిందని డాక్టరు చెప్పాడట కదా. ఇంకా నాన్చితే ఉన్న చూపూ పోతుందన్నాడట. ఎందుకు బావా మొండితనం?"

చెప్పాడు. డాక్టర్లన్నాక చెప్తారు. నా పని నాకుంది. ఈ నర్సరీ పెట్టిన నాటినుంచీ అడవి రేగు మొదలు మీద తీపి రేగు మొగ్గ పెట్టి అంటు కడుతున్నది నేను. చూపు లేనివాడు కట్టే అంట్లా అవి? ఆ మాటే అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "సరే. ఒక వరస మొత్తం మీ చేత్తోనే కట్టండి. ఎవరూ ముట్టుకోరు. అంట్లు పట్టాయా, నేనిక ఆసుపత్రి మాటెత్తను. పట్టలేదా, నోరు మూసుకుని కారెక్కాలి."

"సాక్షిని నేను" అన్నాడు కొత్తకళ్ళవాడు.

పందెం కాశాను. ఇలాంటి పందెం వీళ్ళు కాశారంటే నన్ను ఎంత తక్కువగా చూస్తున్నారో అర్థమవుతోంది.

జూన్ 11, మంగళవారం

వరస కట్టేశాను. కంచె పక్కనున్న వరస. అడవి రేగు మొక్కలు పెన్సిలంత లావుకొచ్చి ఉన్నాయి. దాన్ని రాళ్ళలో పడేసినా బతుకుతుంది, నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, మేక కొరికినా మళ్ళీ చిగురేస్తుంది. కాయ మాత్రం గోలీకాయంత, పులుపు. దాని వేళ్ళ బలానికి తీపి కాయ తగిలించడమే మా విద్య.

జానెడు ఎత్తులో బెరడు మీద ఒక నిలువు గాటు, ఒక అడ్డ గాటు. బెరడుని రెండువైపులా తెరిచి, తీపి మొగ్గని లోపలికి జార్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టెయ్యడం. అంతే. కోడలు కాపరానికొచ్చిన కొత్తలో నేనే నేర్పాను. ఇప్పుడు నర్సరీలో సగం అంట్లు తనే కడుతుంది. పనిమంతురాలు, కాకపోతే నెమ్మది.

ఇవాళ తను పక్కనే నిలబడి చూస్తోంది.

"మావయ్యా, ఆ మొగ్గ తలకిందు..."

"ఏంటీ?"

"ఏం లేదు మావయ్యా."

"ఏం లేకపోతే వెళ్ళి నీళ్ళు పెట్టు. నా వరసని ఎవరూ ముట్టుకోవద్దు."

వేలు తెగింది. కత్తికి పదునెక్కువైంది.

జూన్ 12, బుధవారం

లావు పెన్ను వచ్చింది. అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. అంటే ఇన్నాళ్ళూ తప్పు పెన్నుదే.

జూన్ 16, ఆదివారం

భయమా? నాకా?

బావమరిది అడిగాడు అలా, అందరి ముందూ. నవ్వేసి ఊరుకున్నాను. ఇది నా పుస్తకం కాబట్టి ఇక్కడ రాస్తాను. కత్తి సంగతి నాకు తెలుసు. చెయ్యి వెంట్రుకవాసి జారిందంటే మొగ్గ చచ్చిపోతుంది. పోతే పోయిందని ఇంకో మొగ్గ తెచ్చి పెడతాను. కంటికి ఇంకోటి ఎక్కణ్ణుంచి తెస్తారు?

భయం కాదు. ముందుచూపు.

జూన్ 26, బుధవారం

పొద్దున్నే తోటలోకి వెళ్తే నా వరసలో ఎవరో వంగుని ఉన్నారు. చీర రంగుని బట్టి కోడలనుకున్నాను.

"ఎవరది?"

"నేనే మావయ్యా. కలుపు తీస్తున్నా."

"కలుపు తియ్యడానికి అంటు కత్తెందుకు?"

"మొండి కలుపు మావయ్యా."

ఈ పిల్లకి పని శ్రద్ధ మరీ ఎక్కువ. కలుపుని కూడా శాస్త్రోక్తంగా కోస్తుంది. నా వరసని ముట్టుకోవద్దన్నానని గుర్తు చేశాను. సరేనంది. సరేనన్నాక కూడా పొద్దెక్కేదాకా అక్కడే ఉంది.

జూన్ 27, గురువారం

అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లో గుసగుసలు. నేను నీళ్ళకని వెళ్తున్నాను.

"...నేను చూడలేను అత్తయ్యా. ఆ ఎండిపోయినవాటిని తడుముతూ ఆయన..."

"నువ్వు మంచే చేస్తున్నాననుకుంటున్నావు. ఆయన గెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా?"

నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు. గ్యాసు అయిపోయిందట, దాని గురించట. కోడలు కళ్ళు తుడుచుకుంటోంది. గ్యాసు అయిపోతే ఏడుస్తారా ఎవరైనా?

జూలై 21, ఆదివారం

గెలిచాను!

సాక్షిగారు పొద్దున్నే దిగబడ్డాడు. అందరం వరస దగ్గరికి వెళ్ళాం. అంటు పట్టిందో లేదో చూడాలంటే మొగ్గ కింద వదిలిన ఆకు కాడని వేలితో తాకాలి. పట్టిందంటే కాడ తాకీ తాకగానే రాలిపోతుంది. పట్టకపోతే ఎండి, అతుక్కుని, పీకినా రాదు.

నేను తడుముతుంటే కోడలు నా చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ మావయ్యా" అని కాస్త పైకి జరిపింది. తాకాను. రాలిపోయింది. తర్వాతది కూడా. ఆ తర్వాతది కూడా. ప్రతి మొక్క దగ్గరా కోడలే నా వేలు పెట్టింది, ప్రతి కాడా రాలింది. నేను ఇంత ఎత్తులో కట్టానా అని ఒక్కసారి అనిపించింది. మొక్కలు పెరిగాయి కదా, వాటితో పాటే అంట్లూ పైకి వెళ్ళుంటాయి.

అప్పుడు బావమరిది అన్నాడు కదా, "బావా, నీ మొక్కలకి ఒక్కోదానికి రెండేసి కట్లున్నాయేంటి? కిందొకటి, పైనొకటి?"

కోడలికి పొలమారింది. మా ఆవిడ, "ఒరేయ్, నీకు టిఫిన్ పెట్టాలి, లోపలికి రా" అని వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

అయ్యా, ఇదీ ఆపరేషన్ ఫలితం! ఒకటి రెండుగా కనిపిస్తోంది పాపం. ఇంత డబ్బు పోసి తెచ్చుకున్న చూపు ఇదా? వాడి మీద జాలేసింది, వాడి ముందు పైకి అనలేదు గానీ.

మా ఆవిడ టీలో చక్కెర వేయలేదు. ఓడిపోయినవాళ్ళకి ఆ మాత్రం ఉక్రోషం ఉంటుంది.

జూలై 22, సోమవారం

గెలిచాను. ఇంకోసారి రాసుకుంటే తప్పేముంది?

జూలై 25, గురువారం

కోడలూ అబ్బాయీ వ్యానులో మొక్కలేసుకుని టౌనుకి వెళ్ళారు. మా ఆవిడ కునుకు తీస్తోంది. గెలిచినవాణ్ణి ఊరికే కూర్చోలేక కత్తెర తీసుకున్నాను.

అంటు పట్టాక చెయ్యాల్సిన పని ఒకటుంది. అంటుకి పైనున్న అడవి కొమ్మని కోసెయ్యాలి. అప్పుడే తీపి మొగ్గకి బలమొచ్చి చిగురిస్తుంది. మామూలుగా ఆ పని కోడలు చేస్తుంది. నా వరస కదా, నేనే చేశాను. ఒక్కో మొక్కనీ కిందినుంచి తడుముకుంటూ వస్తే పట్టీ తగిలింది. సరిగ్గా జానెడు ఎత్తులో, నేనెప్పుడూ కట్టే చోట. ఆవేళ కోడలు నా వేలిని ఎక్కడెక్కడో పెట్టింది గానీ నా చేతికి తెలియదా నా కట్టు? పట్టీకి రెండు వేళ్ళు పైన టక్కున కోసుకుంటూ పోయాను. వరసంతా. పాట కూడా పాడాను.

సాయంత్రం వాళ్ళొచ్చారు. కోడలు వరస దగ్గర నిలబడిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"శుభ్రంగా ఉంది మావయ్యా" అంది. గొంతు జలుబు చేసినట్టుంది. టౌనులో చల్లటివేవో తాగి ఉంటుంది. భోజనానికి కూడా రాలేదు.

తర్వాత మా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. దేనికో దెబ్బలాడుతుందని సిద్ధంగా ఉన్నాను. నా తల మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది. ఈ ఇంట్లో ఇవాళ ఎవరికీ ఒంట్లో బాగోలేదు.

ఆగస్టు 8, గురువారం

నా వరస చిగురించింది! ఏం ఊపు, ఏం బలం! మిగతా వరసల కంటే ముందే లేచింది. బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. "ఊఁ" అన్నాడు. అసూయకి మందు లేదు.

ఆగస్టు 13, మంగళవారం

ముల్లు గుచ్చుకుంది. లేత చిగురుకి పొగరెక్కువ.

ఆగస్టు 15, గురువారం

మళ్ళీ గుచ్చుకుంది. తీపి రేగుకీ ముళ్ళుంటాయి, లేకపోలేదు.

ఆగస్టు 17, శనివారం

ఆకు నలిపి చూశాను. బొటనవేలి గోరంత ఉంది. వానలు సరిగ్గా పడలేదు, అందుకే చిన్నవి.

పక్క వరసలో ఆకు అరచేతి గుంట నిండేంత ఉంది. ఆ వరసకి నీళ్ళు ఎక్కువ పెడుతున్నారేమో. కోడల్ని అడగాలి.

అడగలేదు.

ఆగస్టు 20, మంగళవారం

మన దగ్గర మొక్కలు కొనే టీచరమ్మ వచ్చింది. కంచె వైపు నడుస్తూ, "ఇదేంటమ్మా, పనిగట్టుకుని అడవి రేగు పెంచుతున్నారు?" అంది.

"కంచె కోసమండీ" అంది కోడలు చటుక్కున. "ముళ్ళు గట్టిగా ఉంటాయని."

నేను మల్లె కుండీల వెనక కూర్చుని ఉన్నాను. నేనున్నట్టు వాళ్ళకి తెలియదు.

తెలుసు. ముల్లు మొదటిసారి గుచ్చుకున్నప్పుడే తెలుసు. ఆకు నలిపే ముందే తెలుసు. నా పుస్తకంలో నేను రాసుకుంటూ కూడా వానల మీదికి తోశాను చూడు, ఎంత సిగ్గులేనివాణ్ణో! ఆ వరసలో తీపి మొగ్గ ఒక్కటి లేదు. నా కత్తెరతో నేనే ఏదో చేశాను. ఏం చేశానో చూద్దామంటే కనపడదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇంకా మసక.

ఇంట్లోకి వెళ్ళి, "ఆసుపత్రికి ఎప్పుడెళ్దాం?" అన్నాను.

మా ఆవిడ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. నేను చెప్పలేదూ అంటుందనుకున్నాను. అనలేదు. "గెలిచారు కదండీ?" అంది, మెల్లిగా.

"గెలిచినవాడు వెళ్ళకూడదని రూలుందా?"

"లేదు, లేదు" అని ఫోను ఎక్కడ పెట్టిందో వెతకడం మొదలెట్టింది. అది తన చేతిలోనే ఉంది.

ఆగస్టు 27, మంగళవారం

కుడి కన్ను అయిపోయింది. ఏం రాస్తున్నానో ఎటు పోతోందో తెలీదు. నొప్పి లేదు. బల్ల మీద పడుకున్నప్పుడు మాత్రం కాళ్ళు వణికాయి. నర్సమ్మ చలేస్తోందా అని దుప్పటి కప్పింది. అవునన్నాను.

ఆగస్టు 28, బుధవారం

కట్టు విప్పారు.

ముందు డాక్టరు కనిపించాడు. వీడింత చిన్నవాడా! మీసం కూడా సరిగ్గా లేదు. ముందే కనిపించి ఉంటే చచ్చినా పడుకునేవాణ్ణి కాదు.

తర్వాత మా ఆవిడ. "నీ జుట్టు ఎప్పుడు తెల్లబడింది?" అన్నాను.

"మీరు డాక్టర్ని తిట్టడం మొదలెట్టినప్పుడు."

ఇంటికొచ్చి ఈ పుస్తకం తెరిచాను. నీలం గీతలు, నిక్షేపంలా ఉన్నాయి, ప్రతి పేజీలోనూ. వాటి మీద కోడి కెలికినట్టు నా రాత. అచ్చేసినవాడికి క్షమాపణ.

ఫ్యాను మీద నిజంగానే దుమ్ముంది. ఆ సంగతి బావమరిదికి చెప్పదలచుకోలేదు.

సెప్టెంబర్ 2, సోమవారం

ఎండలోకి, దుమ్ములోకి వెళ్ళొద్దన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళాను. కోడలు టౌనులో ఉంది.

ముందు వరస చూశాను. ప్రతి మోడుకీ జానెడు ఎత్తులో నా పట్టీ ఉంది. విప్పాను. లోపల మొగ్గ నల్లగా, ఎండిపోయి ఉంది. ఇంకోటి విప్పాను. అదీ అంతే. అన్నీ. కొన్నిటిలో మొగ్గని తలకిందులుగా పెట్టాను. ఎప్పుడో చచ్చిపోయాయి అవి, నేను కత్తెర పట్టక ముందే.

మరి ఆవేళ రాలిన కాడలేంటి?

కంచె వార నేను కోసి పారేసిన కొమ్మల కుప్ప ఇంకా ఉంది. ఒకటి తీశాను. కోసిన చోటికి కాస్త పైన ఇంకో పట్టీ. నీటుగా, మెట్లు పేర్చినట్టు చుట్టి ఉంది. నాది కాదు ఆ చుట్టు. నేను నేర్పిన చుట్టే, నాకంటే బాగా వచ్చిన చేతిది. విప్పితే మొగ్గ బెరడులో కలిసిపోయి ఉంది. చక్కగా పట్టిన మొగ్గ. కొమ్మతో పాటే ఎండిపోయింది.

కుప్పంతా తిరగేశాను. ప్రతిదానికీ ఉంది.

నా అంట్లు చచ్చిపోతే, వాటి పైన మంచి బెరడు చూసుకుని ఈ పిల్ల మళ్ళీ కట్టింది. నా చేతికి తగలాలని నా పట్టీని కింద అలాగే ఉంచింది. నేను దాన్నే తడుముకుని, దాని పైన కోసి, తను కట్టినవన్నీ తీసి అవతల పారేశాను. పాట పాడుతూ. మొక్క పెరిగితే అంటు పైకి జరగదని నేర్చుకోవడానికొచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు చెప్పేది నేనే. శుభ్రంగా ఉంది మావయ్యా అందట!

తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు? నన్ను పసిపిల్లాణ్ణి చేశారు. కాసేపటికి ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. పొద్దెక్కేదాకా నడుం విరిగేలా కట్టింది కదా పాపం ఆ వరసంతా, ఒక్క మాట అనిపించుకోకుండా, ఒక్క మాట అనకుండా.

కొమ్మల్ని మళ్ళీ కుప్పలో పెట్టేశాను. చూసినట్టు ఎవరికీ చెప్పను.

సెప్టెంబర్ 8, ఆదివారం

బావమరిది వచ్చాడు. "బావా, నీకు కూడా రెండేసి కనిపిస్తున్నాయా?" అన్నాడు.

"ఒకటే కనిపిస్తోందిరా, ఒక్క కన్నే కదా చేశారు" అన్నాను. బుర్ర గోక్కున్నాడు.

సెప్టెంబర్ 29, ఆదివారం

ఈ రేగుకి సిగ్గూ లజ్జా లేవు, మనం ఎంత తప్పు చేసినా మళ్ళీ కొమ్మలిచ్చింది. కంచె వరసంతా మళ్ళీ పెన్సిలంత లావుకొచ్చింది. డాక్టరు కుర్రాడు పని చేసుకోమన్నాడు. రెండో కన్ను వచ్చే నెల.

భోజనాల దగ్గర అన్నాను. "కంచె వరసలో సగం నేను కడతాను, సగం కోడలు. ఎవరిది వాళ్ళదే."

"మళ్ళీ పందెమా?" అంది మా ఆవిడ. "ఈసారి దేనికి?"

"దేనికీ కాదు. ఊరికే."

ఇద్దరం చెరో చివర్నుంచి మొదలెట్టి మధ్యలో కలిశాం. నాకు నడుం పట్టేసింది. తను ఇంకా ఉత్సాహంగానే ఉంది. చివరి పట్టీ చుడుతూ ఏదో ధ్యాసలో, "భయపడకండి మావయ్యా, ఈసారి మీ మొక్కల జోలికి రాను" అంది.

అని నాలిక్కరుచుకుంది. ముఖం ఎర్రబడింది. ఇప్పుడు అవన్నీ కనిపిస్తాయి నాకు.

"ఎప్పుడొచ్చావు గనక?" అన్నాను.

నా వైపు చూసింది. నేను పట్టీ చుట్టడంలో మునిగిపోయాను. అప్పుడు తనే, "మావయ్యా, ఆ మొగ్గ తలకిందులుగా పెట్టారు" అంది.

గబుక్కున విప్పి చూశాను. సరిగ్గానే ఉంది. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయింది ఈ ఇంట్లో.

అక్టోబర్ 27, ఆదివారం

ఇవాళ చూశాం. సాక్షిగారికి కుర్చీ కూడా వేయించాను.

కోడలి సగంలో ఒక్కటి తప్ప అన్నీ పట్టాయి. ఆ ఒక్కటి కూడా చీమలు కెలికాయట. నా సగం దగ్గరికొచ్చాం. చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. నేనే వంగాను. మొదటి కాడ రాలింది. రెండోది రాలింది. ఆ వరసన చాలానే రాలాయి. పర్లేదు, చెయ్యి పూర్తిగా పోలేదు అనుకుంటుంటే ఒకటి రాలలేదు. తాకాను, కదిపాను. అతుక్కునే ఉంది.

మా ఆవిడ కోడలి వైపు చూసింది. కోడలు ఒక అడుగు ముందుకొచ్చి, నా పక్కన కూర్చుని, మొగ్గని గోటితో కొంచెం గీకి చూసింది. లోపల నల్లగా ఉంది. నాకూ కనిపించింది.

"ఇది పట్టలేదు మావయ్యా" అంది.

బావమరిది ఏదో హాస్యమాడబోయి ఆగిపోయాడు. ఈ ఏడాదంతా నాకు ఈ ఇంట్లో ఎవరూ చెప్పని మాట అది. నేనూ చెప్పుకోని మాట. దాని కోసమే కత్తి కింద కన్ను పెట్టానేమో అనిపించింది. ఇంత సంతోషమేస్తుందని అనుకోలేదు.

"పద" అన్నాను. "తర్వాతది చూద్దాం."

తర్వాతది కూడా పట్టలేదు.